సొన మరక

పేరుమోసిన రచయిత డిటెక్టివై, సిరా మరకతో హంతకుణ్ణి పట్టే పాతకాలపు కథ సినిమాగా నూజివీడు వచ్చింది. అది చూసినప్పటినుంచి మామిడితోట కాపలాదారు పోలయ్య మనుషుల కళ్లలోకి చూడడం మానేసి పెదాలు చూస్తున్నాడు. దొంగకాయ కొరికితే సొన మరక దాగదు. కూలీల్ని, పాలవాణ్ణి, చివరికి పెళ్లాన్నీ గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు.

ఇవాళ మరక దొరికింది, ఇంకా ఆరలేదు. తోట యజమాని రాఘవయ్యగారి పెదవి మీద! పూతలోనే ఈ ఏటి కాపంతా షావుకారుకి అమ్మేశాక ఆయనకీ ఒక్క కాయ మీదా హక్కు లేదు. పోలయ్యకి జీతమిచ్చేది షావుకారే.

“మా నాన్న నాటిన చెట్టురా, పోలయ్యా,” అన్నారాయన తల వంచుకుని.

సినిమాలో రచయితైతే నలుగురి మధ్యా హంతకుణ్ణి వేలెత్తి చూపించాడు. పోలయ్య భుజం మీది తువ్వాలు తీసిచ్చాడు.

“తుడుచుకోండి బాబూ. షావుకారుగారు వస్తున్నారు. ఆయనా ఆ సినిమా చూశారండి.”