వెంకటేశం దాచిన పాత ఫైలు

వెంకటేశం బొల్లారంలోని మా మందుల కంపెనీలో పదకొండేళ్లు పంపుల ఫిట్టర్. తర్వాత పటాన్‌చెరులో కంప్యూటర్లు నేర్చుకుని, మా కంపెనీలోనే వాటి రిపేరులోకి మారాడు. పాత అలవాటు మాత్రం పోలేదు. ఏది విప్పినా, తీసిన భాగాన్ని గుడ్డలో చుట్టి తేదీ రాసి దాచేవాడు.

రెండు వేల సంవత్సరంలో ఒక శుక్రవారం. ల్యాబులో నేను చేసిన టెస్టు రిపోర్టు, గ్రాఫుతో సహా, నాలుగింటికల్లా మెయిల్లో బొంబాయి చేరాలి. లేకపోతే సరుకు ఓడ ఎక్కదు. కంపెనీ మొత్తంలో ఇంటర్నెట్ ఒక్క కంప్యూటర్‌కే ఉంది. రెండున్నరకు అందులో మెయిల్ తెరుచుకోలేదు.

తప్పు నాదే. గ్రాఫులు గీసే ప్రోగ్రాం అందులో పొద్దున నేనే ఎక్కించాను. పాత ఫైలు తీసి కొత్తది పెట్టాలా అని అడిగింది. ల్యాబులో పాత ద్రావణం పారబోసి కొత్తది వాడటమే పద్ధతి. అదే చేత్తో అవునని నొక్కాను. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఇంట్లో ఎనిమిది నెలల పాప.

పిలవగానే వచ్చిన వెంకటేశం నేను చెప్పింది విని తలూపాడు.

"ఆ ఫైలు నీ ఒక్కదానిదే గాదమ్మా. మెయిల్‌కు గూడ అదే కావాలె. ఇద్దరు ఫిట్టర్లకు ఒకటే పానా ఉన్నట్టు. నువ్వు నీ సైజుది తెచ్చి, వాళ్లది పారేసినవ్."

మేనేజర్ కిషన్‌రావు సార్ వచ్చి వెనక నిలబడ్డారు. "ఇంకెంతసేపు?"

"మీరు నిలబడితే జెర ఎక్కువనే పడ్తది సార్."

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

వెంకటేశం తన డబ్బాలోంచి ఫ్లాపీ తీశాడు. దాని మీద అయిదు నెలల కిందటి తేదీ ఉంది; ఈ కంప్యూటర్ ఫైళ్ల నకలు అప్పుడే అందులో దాచాడు. కొత్త ఫైలును పక్కన దాచి, పాతదాన్ని మళ్లీ పెట్టాడు. మెయిల్ తెరుచుకుంది. మూడున్నర. గ్రాఫు కోసం నా ప్రోగ్రాం నొక్కితే, ఈసారి అది తెరుచుకోలేదు.

"ఇప్పుడు నాది పోయింది అన్నా."

"ఏడికి పోలే. ఎవరి పానా వాళ్ల డబ్బల పెడ్దాం."

దాచిన కొత్త ఫైలును నా ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే పెట్టాడు. "రెండూ ఒక్కసారే తెరవకు. ఒకటి మూసినంకనే ఇంకోటి."

గ్రాఫు తీశాను, మూశాను, మెయిల్ తెరిచాను. ఇంటర్నెట్ ఫోన్ లైను మూడోసారికి కలిసింది. మూడూ యాభై రెండుకు రిపోర్టు వెళ్లింది. కాసేపటికి అందిందని బొంబాయి నుంచి ఫోన్ వచ్చింది.

"దీంట్ల ఎవరు ఏం ఎక్కించిన్రు?" సార్ అడిగారు.

వెంకటేశం నా వైపు చూడకుండా ఫ్లాపీ తుడుస్తున్నాడు.

"నేనే సార్."

సార్ కుర్చీలోంచి లేచారు. "ఇగ వెంకటేశం లేంది దాన్ని ముట్టకు," అని వెళ్లిపోయారు.

కంపెనీ బస్సు కదిలేముందు వెంకటేశం కిటికీలోంచి ఒక ఖాళీ ఫ్లాపీ అందించాడు. "తేదీ రాసుడు మర్వకు," అన్నాడు.