జకర్యా బావ కాలు నొప్పి

మా బావ జకర్యాకు ఏ కాలూ నొప్పి లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మల్కాజ్‌గిరిలో మా చర్చి సంఘంవాళ్ళు సగం మంది ఇప్పటికీ ఆయన కుడికాలి కోసం ప్రార్థిస్తున్నారు. మిగతా సగం మంది ఎడమకాలి కోసం ప్రార్థిస్తున్నారు.

బావ బొల్లారంలో పుట్టి, సికింద్రాబాద్‌లో గూడ్సు బళ్ళ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజరంటున్నారని ఎవరైనా గుర్తుచేస్తే ఆ పూట అన్నం మానేస్తాడు. బతుకంతా బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చున్న మనిషి, నలుగురిలో ఏం మాట్లాడాలో తెలియదు. ఎర్రజెండా, పచ్చజెండా మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. మా అక్క ప్రేమమణి వాటిని మసిగుడ్డలు చేయబోతే ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. నేను డోరాను, వాళ్ళ పై పోర్షన్లో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. బావను ఏడిపించడం మరదలుగా నా హక్కు.

బావ మనవరాలు క్యారల్‌కు తొమ్మిదేళ్ళు. స్కూలు మెట్ల మీద పడి చీలమండ బెణికింది. వాపు తగ్గింది, కట్టు విప్పారు, ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా ఉంది. నొప్పి మాత్రం పోలేదు సరికదా, పెరిగింది. దుప్పటి తగిలితే కేక, ఫ్యాను గాలికి ఏడుపు, సాక్సు చూస్తేనే వణుకు. నెలల తరబడి పిల్ల మంచం దిగలేదు. తల్లీతండ్రీ ఉద్యోగాలకు పోతే పగలంతా తాతదీ నాయనమ్మదీ కాపలా. ఒక డాక్టరు ఇదంతా నాటకమన్నాడు. ఆయన్ని తలుచుకుంటే నాకిప్పటికీ చెయ్యి దురద పెడుతుంది.

చివరికి ఫిజియోథెరపీ చేసే లీలాకుమారి దొరికింది.

"నొప్పి నిజమే అంకుల్. కానీ దెబ్బ మానింది. నరాలే ఇంకా భయపడి కేకలేస్తున్నయ్. కాలుకు మెల్లమెల్లగ పని చెప్పాలె. ఊకె పండబెడితే బిగుసుకపోతది, మళ్ళ నడవడం కష్టం," అంది.

బావ దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు. "అంటే పట్టాలు మంచిగనే ఉన్నయ్, సిగ్నలే ఎర్రగ ఇరుక్కుంది. అట్లయితే బండి ఆగి, జెర చూసి, మెల్లగ పోవాలె."

"గంతే అంకుల్!"

ఆయన మాటకు ఒక ఆడమనిషి ఒప్పుకోవడం మా ఇంట్లో అదే మొదలు. ఆ రోజు నుంచి బావ పిల్ల కాలికి ముందు దూది తగిలించాడు, తరువాత పట్టుచీర కొంగు, ఆ తరువాత తువ్వాలు. చివరికి బేసిన్లో బియ్యం పోసి అందులో పాదం పెట్టించాడు. క్యారల్ ఏడ్చేది, అయినా పెట్టేది. ఆ బియ్యం వండొద్దని అక్కకు నేను రోజూ చెప్పాల్సి వచ్చేది.

లీలాకుమారి ఇంకో మాట గట్టిగా చెప్పింది. నొప్పెట్లుందని పొద్దస్తమానం అడగొద్దు, ఇవాళ ఏం చేశావని అడగండి అంది. మావాళ్ళ వల్ల అయ్యే పనేనా అది? మా సంఘంలో ఒకరికి జలుబు చేస్తే స్త్రీల సమాజమంతా ఇంటికొస్తుంది. పాట పాడతారు, ప్రార్థన చేస్తారు, టీ తాగుతారు, ఆ తరువాత వరసగా అడుగుతారు. సమాజం పెద్ద రోసమ్మగారు మొదలుపెడుతుంది: "ఇంకా నొప్పుందా బిడ్డా?" వాళ్ళు గేటు దాటేసరికి క్యారల్ బియ్యంలోంచి కాలు తీసేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఇక ఈ పిల్ల లేవదేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది.

మరుసటి వారం రోసమ్మగారి దండు వచ్చేసరికి బావ గేటు దగ్గర ఎర్రజెండా చాపి నిలబడి ఉన్నాడు. దండంతా ఆగింది. వెనక వస్తున్న పాల ఆటో కూడా ఆగింది.

"ఏందీ అన్నా ఇది?" అంది రోసమ్మగారు.

బావ జెండా దించలేదు. "పిల్లను నొప్పి గురించి అడగొద్దు. అడిగేదుంటే నన్నడుగుండ్రి. నాకు... నాకు సుత కాలు నొస్తుంది."

ఇక చూడండి. ఆదివారం గుడిలో జకర్యా అన్న కాలు కోసం అందరూ లేచి నిలబడ్డారు. నూనెలొచ్చాయి, బామ్‌లొచ్చాయి, టిఫిన్ గిన్నెల్లో మేకకాళ్ళ పాయా వచ్చింది. మూలమీది కిరాణా సోమయ్య "మా నాయన కర్ర, తీస్కో, సిగ్గుపడకు" అని చేతికర్ర తెచ్చిచ్చాడు. ఎవరో చక్రాల కుర్చీ పంపారు. బావ పాయా తాగి తాగి లావెక్కాడు. క్యారల్‌ను మాత్రం ఒక్కరూ పలకరించలేదు.

కుంటడం బావకు చేతకాలేదు. వరండాలో సాధన చేస్తుంటే మంచం మీదనుంచి క్యారల్ నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నానా నవ్వు.

"అట్ల కాదు తాతా. నొప్పున్నోళ్ళు మడమ పెట్టరు. ముందు వేళ్ళు పెడతరు. ఇట్ల చూడు." చూపించడానికి మంచం అంచుకు జరిగి, వేళ్ళు నేలకు ఆనించింది. పళ్ళు బిగించి, మళ్ళీ చూపించింది. బావ కావాలని తప్పుగా కుంటుతాడు, పిల్ల విసుక్కుని మళ్ళీ చూపిస్తుంది. అలా రోజూ పాఠం నడిచింది.

ఒక సాయంత్రం బావ స్టూలెక్కి బల్బు మారుస్తున్నాడు. క్యారల్ కిటికీలోంచి చూసి కేకేసింది. "తాతా, రోసమ్మ ఆంటీ వస్తున్నరు! కర్రేదీ?"

కర్ర తలుపు మూల ఉంది. బావ రెండు చేతులతో బల్బు పట్టుకుని ఉన్నాడు. నేను గుమ్మంలోంచి కదలబోయేలోపే క్యారల్ మంచం దిగింది. "అమ్మా" అని అరిచింది, గోడ పట్టుకుంది, కర్ర అందుకుని తాత దగ్గరికి తెచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా గర్వం.

లోపలికొచ్చిన రోసమ్మగారు అదేమీ చూడలేదు. "ఆ కాలుతోని స్టూలెక్కినవా అన్నా? ఏ పిల్లా, తాత చెయ్యి పట్టుకో, పడతడు!" అని గద్దించింది. క్యారల్ పట్టుకుంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

తరువాత తాతను సోమయ్య కొట్టుదాకా నడిపించే పని క్యారల్‌కు పడింది. కర్ర పట్టుకున్న తాత ఎంత మెల్లగా నడుస్తాడో, నొప్పున్న పిల్లా అంతే మెల్లగా నడుస్తుంది. కొన్ని రోజులు గేటు దాకా కూడా పోలేక వెనక్కొచ్చేవారు. "ఇయ్యాల తాతకు జెర తక్లీఫుంది" అని క్యారల్ వీధికి ప్రకటించేది.

చివరికి ఒక ఆదివారం ఇద్దరూ గుడికి నడిచారు. పాస్టరుగారు సంబరపడి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని బావను ముందుకు పిలిచారు. బావ నావైపు వంగాడు.

"డోరా, గుళ్ళె అబద్ధమెట్ల చెప్తనే?" అన్నాడు నాతో.

"ఇన్నాళ్ళూ కాలు చెప్పింది కదా, ఇప్పుడు నోరు చెప్పనీ" అన్నాను. క్యారల్ ఆయన చెయ్యి పట్టుకుని లేచింది. కంగారులో బావ రెండో కాలు కుంటుతూ నడిచాడు. "తాతా, ఆ కాలు కాదు" అని పిల్ల గట్టిగానే గొణిగింది. సంఘం కుడికాలు, ఎడమకాలుగా చీలిపోయింది అప్పుడే.

మైకు ముందు నిలబడి బావ నోరు తెరిచాడు. పక్కన రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడ్డ పిల్లను చూశాడు. "దేవుడు మా ఇంట్ల ఒక కాలును నడిపిస్తుండు" అని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. గుడంతా ఆమేన్ అంది.

బయట మెట్ల దగ్గర రోసమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ క్యారల్ వైపు వంగింది. "తాతకు ఇంకా నొప్పుందా బిడ్డా?"

బావ చెయ్యి జెండా కోసం జేబు తడిమింది. క్యారల్ తాత వంక చూసి, తన కాలి వంక చూసుకుంది.

"ఉంది ఆంటీ," అంది. "ఉన్నా నడుస్తడు." అని మెట్టు మీంచి కాలు కిందికి పెట్టింది, ముందు వేళ్ళు, తరువాత మడమ.