కటింగాయన చూసిన మెడలు

మగాళ్ల మొహాలు పెళ్లాలకు తెలుసు గానీ, మెడలు మాత్రం కటింగాయనకే తెలుసు. అలాంటి మనిషికి మెడలోనే ఎముక పెరిగి నరాలను నొక్కింది. ముందు వేళ్లు మొద్దుబారాయి. తర్వాత దువ్వెన జారింది. ఒకరోజు గడ్డం గీస్తుంటే కత్తి తన మాట వినకుండా పక్కకు పోయింది. ఎవరికీ తెగలేదు గానీ, ఇక గడ్డాలు మానేసి కటింగులే చేశాడు. అంతే, కత్తి సొరుగులో పడింది.

డాక్టరమ్మ ఆపరేషన్ గురించి అంతా విడమరిచి చెప్పింది. చిన్న గాటు పెట్టి గొట్టంలోంచి చేసేది ఒకటి, మెడ వెనక తెరిచి చేసేది ఇంకొకటి. "మీకు రెండోదే నయం. మెడ కాస్త బిగుస్తుంది" అంది. ఆ బిగుసుకోవడం తప్ప ఇంకేదీ ఆయన చెవికెక్కలేదు.

వేరేవాళ్లయితే నలుగురినీ అడిగేవాళ్లు. ఈయనకేం ఖర్మ? రెండు రకాల ఆపరేషన్లూ అయిన మెడలు తన కుర్చీలోకే వస్తాయి. లారీ డ్రైవర్ మెడ మీద గోరంత మచ్చ. తల తిప్పమంటే బొంగరంలా తిప్పాడు. రిటైరైన మాస్టారి మెడ మీద జానెడు మచ్చ. తిప్పమంటే భుజాలతో సహా తిరిగారు.

"చిన్నదే చేయించుకుంటానే" అన్నాడు ఇంటికొచ్చి.

"పుచ్చకాయ కొంటున్నావా, పైతోలు చూసి?" అంది భార్య. "వాళ్లకి లోపలేం జబ్బో అడిగావా?"

అడగలేదు. మర్నాడు అడిగాడు.

"ఒక్క నరమే బాబాయ్. భుజం లాగేసేది. వేళ్లకేం కాలేదు" అన్నాడు డ్రైవర్.

మాస్టారు మాత్రం చొక్కా గుండీ తీసి, మెల్లగా మళ్లీ పెట్టుకున్నారు. "ఇదివరకు మా ఆవిడ పెట్టేది. మెడ సంగతి అడుగుతావేంటయ్యా, చెయ్యి చూడు."

కటింగాయన మళ్లీ డాక్టరమ్మ దగ్గరికెళ్లి ఈసారి చెవులు పెట్టి విన్నాడు. "మీకు మూడు చోట్ల నొక్కుతోంది. చిన్న గాటులోంచి అన్నీ అందవు. ఇంకా పాడవకుండా ఆపడమే మొదటి పని. వేళ్లు ఎంతవరకు తిరిగొస్తాయో ఒట్టేసి చెప్పలేను."

"తెరవండమ్మా" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక నొప్పికి చుక్కలు కనిపించాయి. మెడకు పట్టీ వేశారు. "పెళ్లిలో కూడా ఇంత తలెత్తుకుని కూర్చోలేదు నువ్వు" అని భార్య నవ్వించబోతే, నవ్వినా నొప్పే. పట్టీ తీశాక, కొత్తలో పని నేర్చుకున్నట్టే ఊదిన బుడగకు సబ్బు నురగ పూసి కత్తితో గీయడం మొదలుపెట్టాడు. టప్పుమనేది.

"పోయిందా నీ బేరం?" అనేది వంటింట్లోంచి.

రోజులు గడిచేకొద్దీ పేలుళ్లు తగ్గాయి. చివరికి ఒకరోజు వంటింట్లోంచి ఆవిడే వచ్చి చూసింది. నున్నగా గీసిన బుడగ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

దుకాణం తెరిస్తే మాస్టారే ముందొచ్చి కూర్చున్నారు.

"నేను మునుపటిలా వంగలేను మాస్టారూ."

"నేను తిరగలేను. నువ్వే నా చుట్టూ తిరుగు."

కటింగాయన కత్తి ఆనించాడు. కుర్చీ చుట్టూ మెల్లగా తిరిగాడు. కత్తి ఆయన పొమ్మన్న చోటికే పోయింది.

మాస్టారు అద్దంలో చూసుకుని గడ్డం తడుముకున్నారు. "ఇక్కడ రెండు వెంట్రుకలు వదిలేశావు."

"వాటికి రేపు రండి" అన్నాడు కటింగాయన.