ఓబులేసు చిన్నాయన నవ్వు

మూడేళ్ల కిందటి వానాకాలం. ఒక టీవీ ఛానల్ వాళ్లు వేంపల్లెలో సినిమా తీస్తున్నారు. చిన్న ఊరి సి.ఐ. తన చిన్ననాటి స్నేహితుణ్ణి ఎవరు చంపారో కనిపెట్టే కథ. నేను మేకప్ మనిషిని. కడపలో పెళ్లికూతుళ్లతో మొదలుపెట్టి షూటింగులకు చేరాను. అందమైనవాళ్లను అందంగా చూపించడం ఏమంత గొప్ప? బతికున్నవాణ్ణి చచ్చినట్టు చూపించమనండి, అప్పుడు తెలుస్తుంది పనితనం.

చనిపోయిన స్నేహితుడి వేషం ఆ ఊరి నాటకాల ఓబులేసు చిన్నాయనది. మొహంలో ఎరుపు చంపి, పెదాలకు నీలం పట్టించి, కళ్ల కింద గుంటలు తేల్చడాన్ని మేం డెడ్ మేకప్ అంటాం. నేను వేస్తుంటే ఆయన నోరు ఊరుకోదు.

"అమ్మీ, వచ్చే వారం కర్నూల్లో నాకు గుండె ఆపరేషన్ ఉండాది. ముందుగా ఒకతూరి సచ్చి చూస్తాండా."

"నోరు కదపద్దు చిన్నాయనా, రంగు చెదురుతాది!" అని కసిరాను. లోపల మాత్రం మనసు చివుక్కుమంది.

ఆయన భార్య నాగమ్మ ఈ వేషానికి మొదట ససేమిరా అంది. మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్నవాళ్లు షాట్ అయ్యాక లేచి, అదే కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు, కీడు పోవడానికి తీస్తారంతే. ఆ మాట విన్నాకే ఆమె ఒప్పుకుంది.

షాట్ ఓకే అన్నారో లేదో, ధబధబా వాన. అన్నాళ్లూ చుక్క పడని ఊరు కదా, జనమంతా కేకలు పెడుతూ వీధిలోకొచ్చారు. మావాళ్లు కెమెరాకు పట్టాలు కప్పి పరుగెత్తారు. డైరెక్టరు ప్యాకప్ అనేశాడు. చిన్నాయన కూడా వానలో తడుస్తూ సంబరంగా ఇంటికి పోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే నాగమ్మ వచ్చింది. "మా ఆయన నగినాడా?"

వాన హడావుడిలో ఆ నవ్వు తీయడమే మరిచిపోయాం.

"ఆపరేషన్‌కు పోయే మనిషిని సచ్చినోడిగానే ఇడిసిపెడితిరే! ఇంక నేను కర్నూలుకు ఎట్ల పంపేది? పంపను పో!"

"అవన్నీ మూఢనమ్మకాలమ్మా," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టరు.

నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, టెంకాయ కొట్టకుండా నువ్వు కెమెరా ముట్టుకుంటావా?" అన్నాను.

డైరెక్టరు మంచివాడు. కెమెరా తీసుకుని వాళ్లింటికి బయలుదేరాం. సి.ఐ. వేషంలో ఉన్న హీరో కూడా ఖాకీ బట్టలతోనే వచ్చాడు. వసారాలో మంచం మీద చిన్నాయనకు మళ్లీ డెడ్ మేకప్ వేశాను. పడుకున్నాడు. నాగమ్మ మొహం తిప్పుకుంది. తర్వాత లేచి కూర్చున్నాడు గానీ, నవ్వు రాలేదు.

"నగు చిన్నాయనా," అన్నాను.

"రాలేదమ్మీ. శానా భయమైతాండాది."

అన్ని రోజుల్లో ఆయన ఎగతాళి లేకుండా మాట్లాడింది అదొక్కటే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కెమెరా మాత్రం నడుస్తూనే ఉంది.

అంతలో పక్కింటామె ఖాకీ బట్టలు చూసి గోడ మీదుగా కేకేసింది. "నాగక్కా! పోలీసోళ్లు వచ్చినారే! ఓబులేసన్న ఏం చేసినాడు?"

నాగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని కస్సుమంది. "ఏం చేసినాడా? సచ్చినాడంట! సచ్చి ఇంటికొచ్చి, మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు యాడ అని నన్ను అరస్తాండాడు!"

చిన్నాయన నవ్వాడు. ఆ నీలం పెదాలతోనే, మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. ఆయన్ను చూసి నాగమ్మ, ఆమెను చూసి మేమందరం. నవ్వి నవ్వి ఆయనే కెమెరా వైపు తిరిగి దండం పెట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని నెలలకు సినిమా టీవీలో వచ్చింది. చివర్లో హంతకుణ్ణి పట్టుకున్న సి.ఐ. ఒంటరిగా కూర్చుని స్నేహితుణ్ణి తలుచుకుంటాడు. అక్కడ ఆ నవ్వే పెట్టాడు డైరెక్టరు, నీలం కనిపించకుండా రంగు మార్చి. మాకెవరికీ చెప్పలేదు. అది అయిపోకముందే నా ఫోను మోగింది.

"అమ్మీ, చూస్తివా? టీవీలో గూడా లేసొచ్చినాడు!" అంటూ నాగమ్మ ఏడుస్తోంది. వెనక నుంచి చిన్నాయన గొంతు: "లేసొచ్చినోనికి ఇంత అన్నం పెట్టమను అమ్మీ!"

డెడ్ మేకప్ వేయడం నాకు గురువులు నేర్పారు. తీయడం నేర్పింది నాగమ్మ. ఇప్పుడు వాన రానీ, కరెంటు పోనీ, మనిషి నవ్వేదాకా నేను తుడిచే గుడ్డ చేతికి తీసుకోను.