రెండు తప్పు చుట్లు

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు, బట్టల దండెం కింద కూర్చుని నేను రాగితీగ చుట్లు లెక్కపెట్టేదాన్ని. అవ్వ పొయ్యి ఊదుకునే వెదురు గొట్టం మీద మా అన్న తీగ చుట్టేవాడు. ఒకటి... రెండు... మూడు...

అన్నకు హామ్ రేడియో పిచ్చి. సొంతంగా సెట్టు చేసుకుని, ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడటం. దానికి పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. నన్నేమో రెండో తరగతిలోనే బడి మాన్పించారు. బాపు షిఫ్టు దిగి బొగ్గుబాయి నుంచి రాగానే అడిగేది అన్న సెట్టు గురించే. నాకు కడుపు మండేది.

చుట్లు ఎన్ని అన్నదాన్ని బట్టే సెట్టులో ఏ గొంతులు దొరికేదీ ఉంటుంది. ఒకరోజు ఇరవై చుట్లు కావాలన్నాడు అన్న. నేను కావాలనే రెండు ఎగ్గొట్టి, ఇరవై అయ్యాయని చెప్పాను.

సెట్టు పెడితే... అన్న వెతికే గొంతులు రాలేదు. ఎన్నడూ వినని భాషలో ఎవరో మాట్లాడుతున్నారు. అన్న చుట్లు మళ్ళీ లెక్కపెట్టుకుని నా వైపు చూశాడు.

"నీ తప్పుతోని కొత్త జాగ దొరికింది చెల్లె. ఇంకో తప్పు చెయ్యి" అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో కొత్తగా ఏది చేసి చూసినా దాన్ని 'తప్పు లెక్క' అనేవాళ్ళం.

ఆ పిచ్చి మేనమామ దగ్గర నుంచి నా కూతురు రజితకు అంటుకుంది. పాత మిక్సీ మోటారు తీగ, పగిలిన డబ్బాలు... ఏదీ పారేయనిచ్చేది కాదు. తను డ్యూటీ నుంచి రాగానే, తప్పు లెక్క పెడుదువు రమ్మని నన్ను పిలిచేది. ఇల్లంతా తీగలేనా అని నేను గొణిగేదాన్ని.

రెండేళ్ళ కింద జ్వరమని దవాఖానకు పోయింది... తిరిగి రాలేదు.

మొన్న పక్క క్వార్టర్ సుశీల కొడుకు కొత్త రేడియో సెట్టు తెప్పించుకున్నాడు. అరచేతిలో పట్టేంత. లోపల చుట్లు ఎన్ని ఉన్నాయని అడిగాను.

"చుట్లేంది పెద్దమ్మా? విప్పితే గ్యారంటీ పోతది."

వాడి తప్పేం లేదు. లోకమంతా ఫోన్‌లోనే దొరుకుతుంటే, కూర్చుని తప్పులు చేసే తీరిక ఎవరికుంది... కొనుక్కుని మాట్లాడేవాళ్ళే గానీ చేసి మాట్లాడేవాళ్ళు లేరు.

ఇంతలో లోపలి నుంచి సుశీల వాడిని కేకలేసింది. ఎంతసేపురా ఆ సొద, అన్నం చల్లారిపోతోంది అని. ఆ మాట విని నాకు మళ్ళీ కడుపు మండింది. చిన్నప్పుడు అన్న మీద మండినదానికంటే ఎక్కువ. కన్నబిడ్డను విసుక్కునే భాగ్యం ఆమెకు ఇంకా ఉంది...

రజిత చివరగా చుట్టిన గొట్టం సందుగలో ఉంది. పదకొండు చుట్ల దగ్గర ఆగింది. పన్నెండు అనడానికి నాకు నోరు రావడం లేదు.

మీ ఇళ్ళలో ఏదో ఒకటి విప్పి చెడగొట్టే పిల్లలు ఉన్నారా... ఈమధ్య ఏం చెడగొట్టారో నాకు రాయండి. కుళ్ళుకుంటూనే చదువుతాను.