నాలుగు ముళ్ల లోతు

పోయిన ఆదివారం మా ఇంటికి కొరియర్‌లో ఒక కప్ప వచ్చింది. రబ్బరు కప్ప. పచ్చటి వీపు, పసుపు పొట్ట, వెనక కాళ్ల బదులు రెండు కుచ్చులు, పొట్ట కింద రెండు కొక్కేలు. మా అబ్బాయి ప్రవీణ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మమ్మీ, గిది ఏస్తే కొర్రమీను పక్కా పడ్తది" అన్నాడు. ముక్కు దగ్గర పెట్టి చూశాను. అప్పుడే విప్పిన కొత్త చెప్పుల వాసన. వాడు బాటసింగారం అవతల ఎవరో తవ్వించిన గుంటకు టికెట్టు కొనుక్కుని వెళ్తాడట, ఒడ్డు మీద నిలబడి చేపలు పట్టడం ఎలాగో అక్కడ కొత్తవాళ్లకు ఒక టోపీ కుర్రాడు పాఠం చెబుతాడట, పట్టిన చేపతో ఫొటో దిగి దాన్ని మళ్లీ ఆ గుంటలోనే వదిలేసి రావాలట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద కాదు, పాపం వాడికేం తెలుసు? ఆ పాఠం నేను పదకొండేళ్లకే నేర్చుకున్నాను. ఎక్కడో కాదు, ఎల్బీనగర్ దాటాక అల్మాస్‌గూడ వైపు ఉన్న ఈ ఇంట్లోనే, ఈ సోఫా వేసి ఉన్న చోటే. అప్పుడిక్కడ ఇల్లు లేదు, చెరువు ఉండేది. అది పోవడంలో నా చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. మా నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాడు. రెండు గదుల కిరాయి ఇల్లు, మేడ మీద ఇంటి ఓనరు, నల్లా దగ్గర రోజూ తగువు, గోడకు మేకు కొడితే ఓనరమ్మ మెట్ల మీది నుంచి కేకలు. నాన్న అక్క, మా సత్తెమ్మత్త, మాత్రం మగ్గం వదల్లేదు. అత్తా మామా ఈ చెరువు కట్ట కింద పెంకుటింట్లో ఉండేవాళ్లు. చెరువు పేరు రాయను. ఆ పేరు ఇప్పుడు ఒక కాలనీ కమాను మీద పసుప్పచ్చ అక్షరాల్లో ఉంది, దాని కింద నుంచి వెళ్లినప్పుడల్లా తల దించుకుంటాను. ఆదివారాలూ, బడి సెలవులూ నావి అత్త ఇంట్లోనే. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగితే అక్కడి నుంచి నడకే, ఆటోవాళ్లు కూడా ఇటు రామని మొహం తిప్పుకునేవాళ్లు. దారి పొడవునా తుమ్మచెట్లు, మేకల మందలు, ఎర్రమట్టి, సీతాఫలాల కాలంలో బుట్టలు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చే ఆడవాళ్లు. కట్ట ఇంకా కనిపించకముందే తుంగ వాసనా, తడి బురద వాసనా ముక్కుకు తగిలేవి. అప్పటి నుంచి నా నడక పరుగయ్యేది.

వారమంతా గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న అత్త ఆదివారం పొద్దున్నే చెంగు బొడ్లో దోపుకుని, వెదురు గాలం భుజాన వేసుకుని బయల్దేరేది. ఆడమనిషి గాలం వెయ్యడమేమిటని ఊళ్లో మొదట్లో నవ్వారట. పట్టుకొచ్చే కొర్రమీన్లు చూసి నవ్వడం మానేశారు, అడుక్కోవడం మొదలుపెట్టారు. సద్ద రొట్టెలు, పచ్చి ఉల్లిగడ్డ, ఎర్ర కారం ఒక బట్టలో మూటగట్టి నా చేతికిచ్చేది. ఎర్రలు, అంటే వానపాములు, తవ్వడం నా పని, మగ్గం గుంట గోడ పక్కన తేమలో అవి గుప్పెడు దొరికేవి. కొక్కేలన్నీ తలనొప్పి మందు డబ్బాలో, నీళ్ల మీద తేలే బెండు ముక్కలు రవిక జేబులో. అత్త రవికలకు ఆ జేబు ప్రత్యేకంగా కుట్టించుకునేది.

అత్త పాఠం చెప్పేది కాదు, తిట్టేది. నేను ఎగురుకుంటూ ఒడ్డుకు పోతే, "ఏందే గా దూకుడు? నువ్వు ధన్ ధన్ నడిస్తే గా నడిమిట్ల ఉన్న చేపకు గూడ ఎర్కయితది. జర నిమ్మలంగ నడువు" అని కసిరేది. పొద్దు మన వెనకుంటే నీడ నీళ్ల మీద పడుతుంది, కాబట్టి పొద్దున పడమటి ఒడ్డు, సాయంత్రం తూర్పు ఒడ్డు. ఎర్రకు జెల్లలు, చిన్న పరిగెలు వచ్చేవి. కొర్రమీనుకు మాత్రం కప్పపిల్ల కావాలి. తుంగ మొదళ్ల దగ్గర వేసి, నీళ్ల మీద గెంతినట్టు చిన్నగా ఆడించాలి. అది వచ్చి లటుక్కున మింగుతుంది, బెండు బుడుంగున మునుగుతుంది, కొత్తవాళ్లంతా అక్కడే చెడిపోతారు, సంబరం ఆపుకోలేక గుంజేస్తారు. "గుంజకు! పది పోగులు లెక్కవెట్టు" అనేది అత్త. మగ్గం మీద పోగులు లెక్కబెట్టినట్టు ఒకటీ, రెండూ, మూడూ అని పెదవులు కదిలించి పది అయ్యాక లాగాలి. అప్పటికి కప్ప దాని గొంతులోకి దిగుతుంది. నేను ఆరు కూడా లెక్కపెట్టలేకపోయేదాన్ని. కొక్కెం ఖాళీగా ఎగిరొచ్చి నా జడకు చిక్కుకునేది, అత్త పడీ పడీ నవ్వేది.

వానాకాలంలో ఒక్కోచోట నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడమంటూ తిరిగేది. వాటి కింద తల్లి కొర్రమీను కాపలా ఉంటుంది. పిల్లల జోలికి ఏది వచ్చినా అది మీద పడి కరుస్తుంది కాబట్టి అక్కడ గాలం వేస్తే ఎంత చేతకానివాడికైనా చేప పడుతుంది. అత్త అక్కడ గాలం వెయ్యనిచ్చేది కాదు. ఒకసారి నేను దొంగచాటుగా కర్ర చాపితే చేతి మీద ఒక్కటిచ్చింది. చదువురాని మనిషికి ఉన్న ఇంగితం అది. ఆ తరువాత ఈ చెరువు మీదికొచ్చినవాళ్లందరూ చదువుకున్నవాళ్లే.

ఇక లోతు కొలిచే దారం. గాలం వేసే ముందు లోతెంతో తెలియాలి, బెండు దానికి తగ్గట్టు కట్టాలి, లేకపోతే ఎర బురదలో కూరుకుపోతుంది. మిగతా ఊరివాళ్లు అందాజుగా వేసేవాళ్లు. మా అత్త నేతమనిషి, అందాజు అనే మాటే ఆమెకు కిట్టదు. గట్టి నూలు దారానికి మైనం పట్టించి, కొసకు గుండురాయి కట్టి, రాయి నుంచి జానెడుకొక ముడి వేసింది. దాన్ని మగ్గం కండెకు చుట్టి ఉంచేది. రాయి అడుగుకు తగిలాక ఎన్ని ముళ్లు మునిగాయో లెక్కబెడితే అదే లోతు. నాకు ఆ దారమంటే పిచ్చి. చేపల కంటే అదే ఇష్టం. చెరువు నిండిన రెండు దసరా సెలవుల్లో ఒడ్డంతా కొలిచి పారేశాను. నల్ల బండ దగ్గర ఏడు ముళ్లు, రేగుచెట్టు ముందర ఐదు, దక్షిణం మూల తుంగలో నాలుగు. అత్త ఊరందరికీ చెప్పుకునేది, "నా కోడలికి చెర్వంత నోటికొచ్చు" అని. ఆ మాట వింటే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, ఇక్కడ ఇంటింటా చేపలు తినాల్సిందే. ఆ ఏడు మిరుగుకు నాన్న కూడా అత్తింటికి వచ్చాడు, వెంట ఒక సఫారీ సూటు ఆయన్ని తీసుకొచ్చాడు. దుకాణానికి చీరల కోసం వచ్చే గిరాకీ అట, ప్లాట్ల వెంచర్ చేస్తాడట. లోపల అత్త మట్టి దాకలో కొర్రమీను పులుసు పెడుతోంది. చింతపండు, మెంతిపిండి, ఎల్లిపాయ కలిసిన ఆ ఘాటు వీధి చివరిదాకా కొడుతోంది. ఉడికేలోపు అలా తిరిగొద్దామని నాన్న నన్ను పిలిచాడు. వానలింకా పడలేదు, చెరువు నడిమధ్యకు కుంచించుకుని ఒడ్డంతా ఎండి పగుళ్లిచ్చి ఉంది. సఫారీ ఆయన దక్షిణం మూల బూటుకాలితో మట్టి తన్ని, "నీళ్లు నిండితే గీడ ఎంత లోతుంటదో?" అన్నాడు. నాన్నకు తెలియదు. నాకు తెలుసు! చెరువంతా నోటికొచ్చిన దాన్ని కదా! పరుగెత్తుకెళ్లి, అత్తకు చెప్పకుండా చూరులోంచి కండె తెచ్చాను. దారం పరిచి పట్టుకుని చూపించాను. "నాన్నా, గీడ నాలుగే ముళ్లు. గా బండ కాడైతే ఏడు." ఆ మూల నుంచి తూము దాకా ఎక్కడెక్కడ ఎంతో అడుగులు వేసి మరీ చూపించాను. సఫారీ ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. నా తల నిమిరి, "హుషారు పిల్ల" అన్నాడు. ఆ చెయ్యి నా నెత్తి మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది, ఛీ.

నెల తిరక్కముందే ఆ మూలంతా సున్నం గీతలు పడ్డాయి, హద్దుకు రాతి కడీలు పాతారు. చెరువు మళ్లీ నిండకుండా అలుగు పక్కన కట్ట కోసేశారు. తొలి వానలకు ఆశపడి అత్త గాలం పట్టుకుని వెళ్లేసరికి, ఆ మూలలో ఆదివారాలు ఆమె కూర్చునే రాయి మీద ఎర్ర రంగుతో ప్లాటు నంబరు రాసి ఉంది. నేనూ నాన్నా అక్కడే ఉన్నాం, నాన్న ఒక ప్లాటుకు బయానా ఇచ్చి చూపించడానికి నన్ను తీసుకొచ్చాడు.

"గీ జాగ ఎవలు చూపెట్టిండ్రురా ఆళ్లకు?" అంది అత్త.

నాన్న నవ్వాడు. ఆయన కపటం లేని మనిషి, అదే నా ఖర్మ. "నీ కోడలే అక్కా. ముళ్లు లెక్కవెట్టి చెప్పింది. గీడ మట్టి వోసే పని గూడ లేదంట, బేస్‌మెంటు జర లేపితే సాలంట. ఇగ మనకు కిరాయి బాధ ఉండది, నీకు దగ్గర్నే ఉంటం."

అత్త నా వైపు చూసింది. చేతి మీద ఇంకొకటి కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. బొడ్లోంచి కండె తీసి నా చేతిలో పెట్టింది. "నేను నీకు చేపలు వట్టుడు నేర్పిన బిడ్డా" అంది. అంతే. గాలం ఆ రాయి పక్కనే వదిలేసి ఇంటికి నడిచింది. మళ్లీ ఆమె గాలం పట్టడం నేను చూడలేదు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? సఫారీ ఆయన మీదా? ఆయన మళ్లీ కనిపించనే లేదు. నాన్న మీదా? ఓనరమ్మ కేకలు పడలేక, సొంత గోడకు సొంత మేకు కొట్టుకోవాలని ఆశపడ్డ మనిషి. అయినా నాకు ఆయన మీద కోపమే. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో ఊరే నీళ్లు ఎత్తిపోస్తూ కూడా ఆయనకు అనుమానం రాలేదే అని కోపం. గృహప్రవేశానికి అత్త వచ్చింది. పాలు పొంగించిన వంటగది గడప దగ్గర నిలబడి, "గీడ జెల్లలు వడుతుండె" అంది. వచ్చినవాళ్లంతా ముసలమ్మ చాదస్తమని నవ్వారు, నేను కూడా వాళ్లతో పాటు నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అత్త పోయి చాలా ఏళ్లయింది. మంచం పట్టినప్పుడు మలక్‌పేట దవాఖానకు రోజూ అన్నం పట్టుకెళ్లాను, చెరువు మాట ఆమె ఎత్తలేదు, నాకు క్షమించమని అడిగే నోరు రాలేదు.

రబ్బరు కప్ప వచ్చిన నాలుగు రోజులకు, మొన్న గురువారం, తెల్లవారేదాకా వాన కుమ్మేసింది. అప్పుడు కోసిన కట్టను తరువాత పూడ్చేసి, దాని మీద తారు రోడ్డు వేసి, అడుగున ఒక సన్నపాటి పైపు పెట్టారు మహానుభావులు. ఆ పైపు మూసుకుపోయింది, నీళ్లు పాత చెరువు హద్దు దాకా నిలబడ్డాయి. పొద్దున లేచి మంచం మీది నుంచి కాళ్లు దించితే చీలమండల దాకా నీళ్లు. హాల్లో చెప్పులు, చాట, వాటి మధ్యన ప్రవీణ్ కప్ప, పసుపు పొట్ట పైకి పెట్టి తేలుతోంది. ఇంట్లో తుంగ లేదు, జెల్లలు లేవు, ఎర్రటి పిల్లల గుంపు లేదు. డ్రైనేజీ కంపు ఒక్కటే ఉంది. మేడ మీద అద్దెకుండే కాకినాడ సుబ్బలక్ష్మి గారు పిట్టగోడ మీది నుంచి వంగి, "ఏవండీ, ఎక్కడి నీళ్లండీ ఇవి? ఎవరి మీద కేసు పెట్టాలో కనుక్కోండి, ఊరుకోకూడదు!" అని అరుస్తున్నారు.

నేను బీరువా తెరిచి, చీరల అడుగు నుంచి అత్త కండె తీశాను. మైనం పసుపెక్కింది కానీ దారం గట్టిగానే ఉంది. ముందు మెట్ల మీద నిలబడ్డాను. వాకిలిని మేమెప్పుడూ ఎత్తు చెయ్యలేదు, అది ఆ మూల అసలు నేలే. రాయి వదిలాను. అడుగుకు తగిలింది.

"ఏం చేస్తున్నవ్ మమ్మీ?" అన్నాడు ప్రవీణ్ వెనక నుంచి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో ముడి పొడిగా నీటి మీద నిలిచింది. వాడికి చూపించి చెప్పాను, ఇన్నేళ్లకు మొదటిసారి పైకే చెప్పాను. "చిన్నప్పుడు నేను సరిగ్గనే కొలిచిన్ర."