కాటి సీనులో జీడితొక్కల పొగ

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలో తెలియని విషయమంటూ లేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కొత్తగా గుమస్తాగా చేరాను, సీడీలు తెచ్చుకుని కొన్ని నాటకాలు చూశాను, ఇంకేం కావాలి? మా ఉద్దానం ఊళ్లో ఏటా వేసే విషాద నాటకానికి దర్శకుణ్ణి నేనేనని ప్రకటించేసుకున్నాను. కాటికాపరిగా మారిన రాజు, చచ్చిపోయిన బిడ్డను దహనానికి మోసుకొచ్చిన ఆడమనిషి తన భార్యేనని గుర్తుపట్టే కథ అది. రాజు వేషం మా మావయ్యది. కిందటేడు సరిగ్గా ఆ సీనులోనే జనం పడీపడీ నవ్వారు. ఎందుకంటే, చచ్చిన బిడ్డ (మావయ్య కూతురే, మా మరదలు, అప్పటికి చిన్నపిల్ల) పొట్ట కొలిమి తిత్తిలా లేచి పడుతూనే ఉంది.

"ఈపాలి కూడా నవ్వినారంటే మరి మొకానికి రంగెయ్యనురా అల్లుడూ," అన్నాడు మావయ్య. మీసం మొలిచినప్పటి నుంచీ వేషాలు కడుతున్న మనిషి ఆ మాట అనేసరికి నా గుండె కలుక్కుమంది.

"నీకెందుకు మావా, నాకొదిలీ. ఊరు ఊరంతా ఏడవకపోతే నన్నడుగు," అన్నాను.

ఇక ఫ్యాక్టరీలో కూర్చున్నా నా కళ్ల ముందు కాటి సీనే. ఒకే ఒక్క లాంతరు. నిజమైన చితి పొగ. ఆ పొగలోంచి నడిచొచ్చే రాజు! (పొగ లేని కాడు కాడేనా, మీరే చెప్పండి.) పొగకి ఏం కాల్చాలని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, పలాసవాడికి నిప్పంటే జీడితొక్కలే. ఒక గోనెసంచి నిండా మోసుకెళ్లి తెర పక్కన బానలో పోశాను. మరదల్ని పిలిచి, "ఊపిరి బిగబట్టు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా సరే, కదిలేవో!" అని బెదిరించాను. "అలాగే బావా," అంది బుద్ధిగా.

సీను మొదలవగానే అంటించాను. తొక్కల్లో ఉండే జీడినూనె పొగ సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నల్లగా, ఘాటుగా లేచి, స్టేజీని ఓ చుట్టు చుట్టి జనం మీదకి దిగింది. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. ఊరు ఊరంతా ఏడుస్తోంది! తెరచాటున నేను ఉప్పొంగిపోతూ ఉండగా, మావయ్య పద్యం మధ్యలో ఆగిపోయాడు. పిల్ల మొహం కందగడ్డలా ఉంది, పొట్టలో కదలిక లేదు. చేతిలో కర్ర పారేసి, పిల్లని ఒళ్లోకి లాక్కుని, "ఓలమ్మా, నెగవే! ఊపిరి తియ్యవే తల్లీ!" అని అరిచాడు. అది నాటకంలో అరుపు కాదు. నేను నీళ్ల బిందె కోసం పరుగెత్తాను.

అప్పుడు దగ్గింది మరదలు. ఖళ్లుఖళ్లున దగ్గి, "బావ కదలొద్దన్నాడు నాన్నా," అంది.

"బతికీసింది! గుంట బతికీసిందర్రా!" అని ఓ ముసలమ్మ లేచి అరిచింది. ఒకటే చప్పట్లు, ఈలలు. మావయ్య పిల్లని గుండెకి హత్తుకుని ఏడుస్తూ నవ్వుతుంటే, అమ్మయ్య అనుకుని బానలో బిందెడు నీళ్లు కుమ్మరించాను. చివర్లో బిడ్డను బతికించడానికి కిరీటం పెట్టుకుని తెర వెనక సిద్ధంగా ఉన్న దేవుడు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "నాను రాకముందే బతికీత్తే మరి నానెందుకురా?"

మావయ్య రంగు మానలేదు. మరుసటేడు నన్ను మాత్రం తెర దరిదాపులకి రానివ్వలేదు.

ఆ మరదలు ఇప్పుడు టెక్కలిలో టీచరు. మొన్న స్కూల్లో పిల్లలచేత అదే నాటకం వేయిస్తూ ఫోను చేసింది. "రా బావా. కానీ ఏటీ కాల్సకు." వట్టి చేతులతోనే వెళ్లాను. కాటి సీనులో అగరొత్తి పొగ కూడా లేదు. చచ్చిపోయిన బిడ్డ పొట్ట లేస్తోంది, పడుతోంది. నా పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. పాత దర్శకుడికి ఒళ్లు మండాల్సిన సందర్భమే. నేను మాత్రం ఆ పొట్ట వంకే చూస్తూ, "కదులు నాయనా, బాగా కదులు," అనుకుంటూ, సీను అయ్యేదాకా హాయిగా కూర్చున్నాను.